కొలోనా, డ్యూసెల్‌డార్ఫా? రోజూ రెండూ చూసే మనిషి లెక్క

రైన్ నది పక్కన ఉద్యోగం దొరికి కొత్తగా జర్మనీకి వచ్చేవాళ్లు నన్ను అడిగేది ఒకటే. ఇల్లు కొలోన్‌లో చూసుకోవాలా, డ్యూసెల్‌డార్ఫ్‌లోనా? నాకు ఇల్లు కొలోన్‌లో, ఆఫీసు డ్యూసెల్‌డార్ఫ్‌లో, ఐదేళ్లుగా ఇదే వరస. మధ్య దూరం దాదాపు 40 కిలోమీటర్లు, రైలు టైంకి వస్తే అరగంట పని. అద్దెలు రెండు చోట్లా మండిపోతున్నాయి కాబట్టి ఆ గొడవ వదిలేయండి. ఇప్పుడు నెలకి 63 యూరోలైన డాయిచ్‌లాండ్ టికెట్, అంటే లోకల్ రైళ్లు, బస్సుల పాసు, రెండు ఊళ్లలోనూ నడుస్తుంది, అదీ వదిలేయండి. ఇక తేల్చుకోవాల్సింది ఆఫీసు అయ్యాక, శని ఆదివారాల్లో మనం ఏం చేస్తామన్నదే.

ముందుగా తెలియాల్సింది, ఈ రెండు ఊళ్లకీ పడదు. కొలోన్ వాళ్ల బీరు క్యోల్ష్, లేత పసుపు. డ్యూసెల్‌డార్ఫ్ వాళ్లది ఆల్ట్, ముదురు రంగు. ఒక ఊళ్లో కూర్చుని రెండోది అడిగారా, వెయిటర్ మొహం చూడాలి అప్పుడు. కార్నివాల్ అనే వేషాల, ఊరేగింపుల పండగకి కొలోన్‌లో ‘అలాఫ్’ అని కేక వేయాలి, డ్యూసెల్‌డార్ఫ్‌లో ‘హేలావ్’ అనాలి. నేను చేరిన ఏడాదే, ఆ పండగ సీజన్ మొదలయ్యే నవంబర్ 11న, సరిగ్గా 11 గంటల 11 నిమిషాలకి, డ్యూసెల్‌డార్ఫ్ ఆఫీసులో అందరి మధ్య నిలబడి ఉత్సాహంగా ‘అలాఫ్’ అన్నాను. ఇప్పటికీ ఆ ఫ్లోర్‌లో నా పేరు అదే.

తిండి విషయంలో మాత్రం నాకు అనుమానమే లేదు, డ్యూసెల్‌డార్ఫ్. స్టేషన్ బయటికొస్తే ఇమ్మర్‌మాన్ వీధి, రెండు పక్కలా జపాన్ వాళ్ల దుకాణాలు, నూడుల్స్ హోటళ్లు, బేకరీలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ కంపెనీలు ఇక్కడ ఆఫీసులు పెట్టాయి, వాటి వెనకే కుటుంబాలూ వచ్చాయి. మనకేంటి అంటారా? అన్నం! అన్నాన్ని భోజనంగా చూసే మనుషులు వండిన అన్నం. వంకాయలు, ముల్లంగి, పచ్చిమిర్చి కూడా ఆ చుట్టుపక్కల ఆసియా దుకాణాల్లో దొరుకుతాయి, అందుకే నా సంచీ బుధవారం సాయంత్రం అక్కడే నిండుతుంది. కొలోన్‌లో నాకు జరిగింది వేరు. మెనూలో ‘హాల్వె హాన్’ అని చూసి, అంటే సగం కోడి కదా అని ఆర్డరిచ్చాను. వచ్చిందేమో రై పిండి బన్ను, దాని మీద దుక్కలాంటి చీజ్ ముక్క, పక్కన ఆవపిండి ముద్ద. ఊరందరికీ తెలిసిన జోకట అది. శాకాహారులు మాత్రం భయపడకుండా అడగొచ్చు.

బొమ్మలు చూసేవాళ్లకి రెండు ఊళ్లూ సరిపోతాయి. డ్యూసెల్‌డార్ఫ్ కే20 మ్యూజియం మొదలవడమే చిత్రకారుడు పౌల్ క్లే బొమ్మలతో. ఆయన్ని నాజీలు 1933లో అదే ఊరి ఆర్ట్ అకాడమీలో ఉద్యోగం నుంచి తీసేశారు, 1960లో రాష్ట్ర ప్రభుత్వం ఆయన బొమ్మలు 88 కొని తెచ్చి పెట్టింది. ఆలస్యమే, అయినా చేశారు. కొలోన్‌లో పికాసో కావాలంటే లూడ్విగ్ మ్యూజియం ఉంది. పైగా నెలలో మొదటి గురువారం కొలోన్‌లో అడ్రసు నమోదైన వాళ్లకి నగర మ్యూజియాలు ఉచితం. అడ్రసు కాగితం ఇందుకు కూడా పనికొస్తుందని ఎవరూ చెప్పరు.

ఇక సంగీతం. కొలోన్ ఫిల్‌హార్మోనీ అనే కచేరీ హాలు 1986లో తెరిచారు, నేల కింద ఉంటుంది. దాని కప్పు మీదే రచయిత హైన్‌రిష్ బ్యోల్ పేరు పెట్టిన ఆవరణ, జనం నడిచే చోటు. కట్టాక తెలిసిందేమిటంటే, పైన ఎవరైనా సూట్‌కేసు చక్రాలు లాక్కుంటూ నడిచినా, స్కేట్‌బోర్డు తొక్కినా కింద హాల్లో వినపడుతుంది. అందుకని కచేరీ జరిగినంతసేపూ మనుషుల్ని పెట్టి ఆ ఆవరణ మీద ఎవరినీ నడవనివ్వరు. నేనూ ఒకసారి ట్రాలీ బ్యాగుతో స్టేషన్‌కి పరిగెడుతూ అక్కడ దొరికిపోయాను. రిఫ్లెక్టర్ జాకెట్ వేసుకున్న పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, వేలు కిందికి చూపించి, “ష్...” అన్నాడు, అంతే. కింద వందలమంది వింటున్నారు, పైన నా బ్యాగు టకటకలు! ఇదే హాల్లో కొన్ని గురువారాల్లో మధ్యాహ్నం పన్నెండున్నరకి అరగంట రిహార్సల్ ఉచితంగా వినొచ్చు. ఆ టైంకి నేనెక్కడుంటాను? డ్యూసెల్‌డార్ఫ్‌లో, మీటింగులో.

కార్నివాల్ దగ్గరే ఊళ్ల తేడా బయటపడుతుంది. ఊరేగింపు చూడ్డానికైతే డ్యూసెల్‌డార్ఫే వెళ్లండి. పండగ సోమవారం పొద్దున దాకా దాచిపెట్టిన బండ్లు, వాటి మీద ప్రపంచ నాయకులందరినీ ఉతికి ఆరేసిన బొమ్మలు, జాక్ టిల్లీ అనే కళాకారుడు చేసినవి, మర్నాడు పేపర్ల నిండా అవే. కొలోన్‌లో చూస్తూ నిలబడితే కుదరదు, దిగాల్సిందే. పండగకి కొన్ని వారాల ముందు నుంచే బార్లలో ఆ ఏడాది కొత్త పాటలు నేర్పే సాయంత్రాలుంటాయి, ‘లొస్ మర్ సింగె’ అంటారు, పాడదాం రండి అని. చేతికి పాటల కాగితం ఇస్తారు. అదంతా క్యోల్ష్ యాస (బీరుకీ ఊరి యాసకీ ఒకటే పేరు), నేను చచ్చీ చెడీ పాసైన బీ1 అనే మధ్యస్థాయి జర్మన్ అక్కడ ఎందుకూ పనికిరాలేదు. పుస్తకం చదివి తెలుగు నేర్చుకున్నవాణ్ణి తిన్నగా శ్రీకాకుళం సంతలో దింపినట్టుంది. పక్కన డెబ్భై దాటిన ఆయన నా కాగితం మీద వేలు పెట్టి ఒక్కో మాటా పలికించాడు, తప్పు పలికినప్పుడల్లా “యుంగ్!” అని భుజం మీద చరిచాడు. మనం “ఒరేయ్ అబ్బాయ్” అన్నట్టన్నమాట. జర్మనీలో నన్ను అంత చనువుగా పిలిచిన మొదటి మనిషి. పండగ చివరి రాత్రి బారు గుమ్మం మీద వేలాడదీసిన గడ్డి బొమ్మని, నుబ్బెల్ అంటారు, కిందికి దించి, మన తాగుడుకీ ఖర్చులకీ వీడే కారణం అని నిందలన్నీ వాడి మీద వేసి తగలబెట్టారు. దీపావళికి నరకాసురుడి బొమ్మ కాల్చిన ఊరివాణ్ణి కదా, నాకు వివరం అడగాల్సిన పని పడలేదు.

గుడి సంగతి కూడా అడుగుతుంటారు. మన తరహా గోపురం ఉన్న పెద్ద గుడి హామ్ అనే ఊళ్లో ఉంది, శ్రీలంక తమిళులు కట్టుకున్న కామాక్షి అమ్మవారి ఆలయం, 2002లో తెరిచారు. కొలోన్, డ్యూసెల్‌డార్ఫ్ దాటి అదే రైలు హామ్ దాకా పోతుంది, డ్యూసెల్‌డార్ఫ్ వాళ్లకి అరగంట కలిసొస్తుంది, అంతే.

నా సలహా అయితే ఇది. పిల్లలతో వస్తున్నారు, ఇంట్లో ఇంకా ఎవరికీ జర్మన్ రాదు, సాయంత్రం నది గట్టు మీద నడిచి మంచి భోజనం చేస్తే చాలు అనుకుంటే డ్యూసెల్‌డార్ఫ్ తీసుకోండి. ఒంటరిగా వస్తే మాత్రం మారు మాట్లాడకుండా కొలోన్. ఎందుకంటే డ్యూసెల్‌డార్ఫ్‌లో సాయంత్రాలు బాగా గడిచాయి గానీ, ఐదేళ్లలో ఆఫీసువాళ్లు తప్ప ఒక్కరూ పరిచయం కాలేదు. కొలోన్‌లో బేకరీ ఆవిడకి మా అమ్మ మోకాళ్ల నొప్పి సంగతి కూడా తెలుసు. ఆఫీసు కొలోన్‌లో, ఇల్లు డ్యూసెల్‌డార్ఫ్‌లో అనే ఏర్పాటు మాత్రం వద్దు. పాటలైనా కచేరీలైనా కొలోన్‌లో రాత్రి పూటే, చివరి పాట వదిలేసి రైలుకి పరిగెత్తాలి, తీరా వెళ్తే బోర్డు మీద ‘రద్దు’ అని ఉంటుంది. నాకు సంచీ నిండా వంకాయలతో అవతలి ప్లాట్‌ఫారం మీద గంటన్నర కూర్చున్న అనుభవం ఉంది, అదీ జనవరిలో.

వచ్చే నెల ఒక గురువారం సెలవు పెట్టాను. పన్నెండున్నరకి.