బేలీఫ్: ముంపు తప్పించుకున్న రైతు ఇల్లు

ఇంగ్లండ్‌లో పాత ఇళ్లు చూడాలనుకునే మనవాళ్లు ఎక్కువగా స్ట్రాట్‌ఫర్డ్‌కో, చెస్టర్‌కో పోతారు. తెల్ల గోడలు, నల్ల దూలాలు, ముందు నిలబడి ఓ ఫొటో. లోపలికెళ్తే చాలావాటిలో ఇప్పుడు బట్టల కొట్లు, కాఫీ హోటళ్లు. ఆ దూలాలు ఏ బరువు మోస్తున్నాయో చూడాలంటే వెస్ట్ ససెక్స్‌లోని సింగిల్టన్ పక్కనున్న వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియానికి వెళ్లాలి. 40 ఎకరాల లోయ, అందులో యాభై దాకా కట్టడాలు. చాలా మటుకు వేరే ఊళ్లలో కూలిపోవాల్సినవి, విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. మేం ముఖ్యంగా వెళ్లింది బేలీఫ్ అనే రైతు ఇంటి కోసం.

ఈ ఇల్లు అసలు కెంట్ జిల్లాలోని చిడింగ్‌స్టోన్ దగ్గరిది. 1960లలో అక్కడ బావ్ బీచ్ రిజర్వాయరు కడుతుంటే ముంపులోకొచ్చింది. నీటి కంపెనీ ఇంటిని మ్యూజియానికి ఇచ్చేసింది. 1968-69లో విప్పారు, 1972లో ఇక్కడ లేపారు. సాగర్ నిండకముందు నాగార్జునకొండ కట్టడాలను కొండమీదికి చేర్చడం, శ్రీశైలం ముంపులోంచి కూడలి సంగమేశ్వరం గుడిని అలంపురానికి తరలించడం మనకు తెలిసినవే. అవి దేవుళ్లవీ, బౌద్ధ విహారాలవీ. ఇక్కడ ఒక మామూలు రైతు ఇంటికి ఆ మర్యాద దక్కింది. మామూలు అంటే మరీ పేదవాడిది కాదు, బాగా కలిగిన రైతుదే.

ఇల్లు విప్పి తేవడం ఎలా కుదిరిందో గోడ దగ్గరికెళ్తే అర్థమవుతుంది. బరువంతా గోడ మీద కాదు, ఓక్ చట్రం మీద ఉంటుంది. ఒక దూలం కుసి, అంటే సన్నగా చెక్కిన కొస, ఇంకో దూలం బెజ్జంలో దూరుతుంది, అడ్డంగా చెక్కమేకు దిగగొడతారు. ఆ కాలపు వడ్రంగులు రెండు దూలాల రంధ్రాలను కావాలనే రవ్వంత తప్పించి తొలిచేవాళ్లు. మేకు దిగేకొద్దీ అతుకు బిగుసుకుంటుంది. వాడింది పచ్చి ఓక్ కొయ్య కాబట్టి ఆరేకొద్దీ కొయ్య కాస్త మెలితిరిగి ఇంకా పట్టేస్తుంది. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో తెలియడానికి అతుకుల దగ్గర ఉలితో రోమన్ అంకెల్లాంటి గీతలు పెట్టేవాళ్లు. చట్రం సందుల్లో ఉన్నది మనకు బాగా తెలిసినదే: తడిక అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తారు. పైన సున్నం. ఈ మ్యూజియంలో చెక్కమేకుల తలలు గోడలోంచి ఒక్కోటి ఒక్కో పొడవున బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. మా చిన్నది వాటికి టోపీ తగిలించాలని చూసింది, అక్కడున్న వాలంటీరు గారు నవ్వుతూనే వద్దన్నారు.

నడుమ హాలు, అటూ ఇటూ రెండంతస్తుల గదులు. ఆ గదుల పై అంతస్తు ముందుకు పొడుచుకొస్తుంది, హాలు మాత్రం వెనక్కి ఉంటుంది. కప్పు మొత్తానికీ ఒకటే. దాంతో హాలు ముందు చూరు గాల్లో మిగిలిపోతుంది, దాన్ని పట్టుకోవడానికి వంపు తిరిగిన కొయ్యలు పెట్టారు. కెంట్, ససెక్స్ ప్రాంతాల్లో ఈ తరహా ఇళ్లను వీల్డెన్ ఇళ్లంటారు. హాలూ, ఓ పక్క సామాన్ల గదులూ 15వ శతాబ్దం మొదట్లోవి. రెండో పక్క గదులు సుమారు వందేళ్ల తర్వాత కట్టినవి. తర్వాతి కాలపు మార్పులు తీసేసి, సుమారు 1540 నాటి సంసారం ఎలా ఉండేదో అలా సర్దారు.

హాలుకు పైన అంతస్తు లేదు, పొగగొట్టమూ లేదు. నేల మధ్యలో పొయ్యి. మేం వెళ్లిన రోజు వెలిగించి ఉంది. పొగ పైకెళ్లి కప్పు సందుల్లోంచి మెల్లగా పోతుంది. నిలబడితే కళ్లు మండాయి, బల్ల మీద కూర్చుంటే ఏమీ లేదు. కిటికీలకు అద్దాలు లేవు, నిలువు చెక్కలు, లోపల చెక్క తలుపులు. మే నెలలోనే చలేసింది, జనవరిలో ఎలా బతికారో. పైగదికి అతికించి గోడ బయటికి పొడుచుకొచ్చిన మరుగుదొడ్డి ఉంది. పిల్లలు మిగతా ఇంటికన్నా అక్కడే ఎక్కువసేపు ఉన్నారు.

బేలీఫ్ చూశాక వెంటనే పెండీన్ చూడండి. 1609 నాటి రైతు ఇల్లు, మిడ్‌హర్స్ట్ దగ్గర్నుంచి తెచ్చింది. చట్రం పద్ధతి అదే, కానీ నడుమ ఇటుకల పొగగొట్టం వచ్చింది. పొగ దారి మళ్లడంతో హాలు మీద అంతస్తు వేసుకోగలిగారు. ఇంటి బతుకంతా అక్కడ మారిపోయింది. నా మటుకు నాకు మ్యూజియం మొత్తంలో గొప్ప పాఠం ఈ రెండిళ్ల మధ్య నడకే. బేలీఫ్‌లాగే బావ్ బీచ్ ముంపులోంచి వచ్చిన వింక్‌హర్స్ట్ వంటింట్లో ట్యూడర్ రాజుల కాలపు, అంటే దాదాపు 16వ శతాబ్దపు, వంట చేసి చూపిస్తారు. ఆధునిక కట్టడాలు ఇష్టమైతే 2002లో కట్టిన గ్రిడ్‌షెల్ కూడా చూడాలి, సన్నటి ఓక్ బద్దలు వంచి చేసిన కప్పు. మిగతావి ఓపికుంటే.

చిడింగ్‌స్టోన్ కూడా చూసొచ్చాం. ఒకటే వీధి, ట్యూడర్ ఇళ్ల వరస, 1939 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. అందం దానిదే ఎక్కువ, అసలు చోట ఉన్నాయి కదా. కానీ చూసేది వీధిలోంచే, అరగంటలో అయిపోతుంది. ఒక్కటే కుదిరేట్టయితే సింగిల్టన్‌కే నా ఓటు.

బస విషయానికొస్తే, ఒక రాత్రి పల్లెలో పాత సత్రంలో ఉన్నాం. వాలిన నేల, తలకు తగిలే దూలం సరదాగానే ఉన్నాయి గానీ వేడినీళ్లు ఇద్దరి స్నానానికే సరిపోయాయి, ఫిర్యాదు చేస్తే పాత ఇల్లు కదా అన్నారు. డబ్బులు మాత్రం కొత్త ఇంటివే. పిల్లలుంటే చిచెస్టర్‌లో మామూలు హోటల్ మేలు. అక్కడి నుంచి మిడ్‌హర్స్ట్ వెళ్లే 60 నంబరు బస్సు సింగిల్టన్‌లో ఆగుతుంది. కారుంటే పార్కింగు ఇబ్బంది లేదు. మ్యూజియం కెఫేలో శాకాహారులకు చీజు, ఉడికిన బంగాళాదుంప దాటి పెద్దగా ఆశలొద్దు, పులిహోర కట్టుకెళ్లాం, చెరువు గట్టున తిన్నాం. పక్కనే లర్గాషల్ నీటిమరలో రాతితో విసిరిన గోధుమపిండి అమ్ముతారు. చపాతీ కాస్త గట్టిగా వస్తుంది, రుచి బావుంది. దగ్గర్లోని గుడ్‌వుడ్‌లో జూలై, సెప్టెంబరు కార్ల పండగలప్పుడు మాత్రం ఈ దిక్కుకు రాకండి, చిచెస్టర్‌లో గది దొరకదు, దొరికినా ధర వింటే కళ్లు తిరుగుతాయి.