మైపాడు తీరంలో కయాకింగ్ ప్యాకేజీకి అడ్వాన్సు కట్టబోయేవారికి హెచ్చరిక

నెల్లూరు, ఒంగోలు వాళ్ల ఫోన్లకు ఈమధ్య ఒక ప్రకటన తరచుగా వస్తోంది. మైపాడు దగ్గర బయలుదేరి తీరం వెంట ఉత్తరంగా రామాయపట్నం వైపు మూడు పగళ్లు కయాక్‌లు (కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు) నడపడం, రెండు రాత్రులు ఇసుక మీద గుడారాల్లో గడపడం. గైడులు, భోజనం, లైఫ్ జాకెట్లు, బీమా, అనుమతులు అన్నీ తామే చూసుకుంటామని అందులో ఉంటుంది. మనిషికి 14,500 రూపాయలు, సగం ముందుగా కట్టాలి. ఆ డబ్బు కట్టి వెళ్లిన బృందంలో నేనూ ఉన్నాను. ఇంకెవరూ అవే పడవల్లో ఆ నీళ్లలోకి దిగకూడదని ఇది రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తున్నందున సంస్థ పేరు రాయడం లేదు. పేరు మార్చుకుని మళ్లీ ప్రకటన ఇవ్వడం ఇలాంటివాళ్లకు కష్టమేమీ కాదు కాబట్టి, పేరు కన్నా వాళ్ల పద్ధతిని గుర్తుపట్టడమే మీకు ఉపయోగపడుతుంది.

సముద్రంలో కయాకింగ్ చేయవద్దని నేను అనడం లేదు. ఈశాన్య రుతుపవనాలు, తుపాన్ల కాలం దాటాక జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఉదయాలు ప్రశాంతంగా ఉంటాయి. నేర్పుగల గైడు, సరైన పడవ, ముందస్తు సాధన ఉంటే ఇది హాయిగా చేయదగిన యాత్ర. నాకు కోపం తెప్పించింది ఆ మూడూ లేకుండానే ఉన్నట్టు చెప్పి డబ్బు తీసుకోవడం.

డబ్బు కట్టిన మర్నాడే ‘యాత్రకు సిద్ధం కండి’ అంటూ ఒక పట్టిక పంపారు. టోపీ, సన్‌స్క్రీన్, టార్చి, పవర్ బ్యాంకు, దుప్పటి, రెండు జతల బట్టలు. ఇవన్నీ గుడారంలో పడుకోవడానికి కావలసినవి. సముద్రం గురించి ఒక్క ముక్క లేదు. ఈత వచ్చా అని అడగలేదు. ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు ఉన్నాయా, మందులేమైనా వాడుతున్నారా అని అడగలేదు. మా బావమరిదికి రెండేళ్ల క్రితం క్రికెట్ ఆడుతూ కుడి భుజం జారింది. కయాక్ నడిపేవాళ్లకు జరిగే పెద్ద గాయాల్లో భుజం జారడం ఒకటి. తెడ్డును తల కన్నా పైకెత్తి అలను ఆపబోతే ఆ కీలు మీదే భారమంతా పడుతుంది. తెలిసిన గైడు మొదట అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. మమ్మల్ని మాత్రం టీషర్టు కొలత తప్ప ఇంకేమీ అడగలేదు.

బయలుదేరే ముందు చెరువులోనో కాలువలోనో ఒక పూట సాధన చేయించండి అని నేను ఫోనులో అడిగాను. ‘అవసరం లేదు సార్, నీళ్లలోకి దిగాక మేమే నేర్పిస్తాం, చిన్నపిల్లలు కూడా చేస్తారు’ అన్నారు. ఈ జవాబు మీకు ఎవరు చెప్పినా అక్కడితో ఆపేయండి. కయాక్ బోల్తా పడితే అందులోంచి బయటికి రావడం, నీళ్లలో ఉండగానే మళ్లీ ఎక్కడం సముద్రంలో దిగాక నేర్చుకునేవి కావు. నడుము లోతు నిశ్చలమైన నీళ్లలో, పక్కన గైడు నిలబడి ఉండగా, భయం పోయేదాకా చేయాలి.

యాత్రకు ముందురోజు సాయంత్రానికి మైపాడు చేరాం. సరుగుడు తోట పక్కన గుడారాలు వేసి ఉన్నాయి, భోజనం కూడా బాగానే పెట్టారు. చీకటి పడ్డాక నేను టార్చి తీసుకుని పడవలు చూడటానికి వెళ్లాను. వెనక భాగంలో సామాను పెట్టుకునే గుండ్రటి మూత ఉంది. అది తెరిచి లోపలికి టార్చి వేస్తే వెలుగు నేరుగా ముందు కొస దాకా పోయింది. మధ్యలో అడ్డుగోడ లేదు. ఇది ఎందుకు ముఖ్యమో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఫోటోలో రెండు రకాల పడవలూ ఒకేలా కనిపిస్తాయి.

సముద్రం కోసం చేసిన కయాక్ సుమారు పదిహేను నుంచి పద్ధెనిమిది అడుగుల పొడవుంటుంది. మనిషి కూర్చునే గుంటకు ముందూ వెనకా నీరు చొరని అడ్డుగోడలుంటాయి. బోల్తా పడితే ఆ గుంట ఒక్కటే నిండుతుంది, రెండు కొసల్లోని గాలి పడవను తేలుస్తుంది. పక్క కయాక్‌లోని మనిషి దాని ముక్కును తన పడవ మీదికి లాగి నీరు ఒంపేసి, పడినవాణ్ని కొద్ది నిమిషాల్లో ఎక్కించగలడు. అడ్డుగోడలు లేని పడవ ఈ కొస నుంచి ఆ కొస దాకా నిండుతుంది. వందల లీటర్ల నీరంటే వందల కిలోల బరువు. ఒడ్డుకు దూరంగా దాన్ని ఎత్తి ఒంపడం ఎవరి తరమూ కాదు. మాకు తెచ్చినవి పది పన్నెండు అడుగుల ప్లాస్టిక్ పడవలు, చెరువులో గంటసేపు తిప్పడానికి పనికొచ్చేవి. చుట్టూ పట్టుకోవడానికి తాడు కూడా లేదు. నీళ్లలో పడ్డ మనిషి నున్నటి ప్లాస్టిక్‌ను దేనితో పట్టుకుంటాడు?

లైఫ్ జాకెట్లు కూడా చూశాను. ఒకదాని లోపలి ఫోము వేళ్లతో నొక్కితే పొడిగా రాలింది. ఇంకొకదానికి బకిల్ విరిగిపోతే పురికొసతో ముడివేశారు. జాకెట్ తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. అది చెవుల దాకా లేస్తే నీళ్లలో తల మీదుగా జారిపోతుంది. మాకిచ్చిన వాటిలో చాలావరకు అలాగే లేచాయి. గైడు సర్టిఫికెట్ చూపించమంటే ‘ఆఫీసులో ఉంది అన్నా’ అన్నాడు. కేంద్ర పర్యాటక శాఖ కింద గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ ఉంది. అక్కడ శిక్షణ పొందినవాళ్ల దగ్గర ఆ కాగితం ఉంటుంది, అడిగితే గర్వంగా చూపిస్తారు.

తెల్లారాక జరిగింది ఇది. గైడు ఇరవై నిమిషాలు తెడ్డు పట్టుకోవడం చూపించి అందరికీ నడుముకు రబ్బరు తొడుగులు కట్టించాడు. కూర్చునే గుంట అంచుకు బిగించి, నీరు లోపలికి రాకుండా ఆపే తొడుగు అది. దాని ముందు భాగంలో ఒక పట్టీ ఉంటుంది. పడవ తలకిందులైనప్పుడు ఆ పట్టీని ముందుకు లాగితే తొడుగు ఊడి మనిషి బయటపడతాడు. పట్టీ ఎప్పుడూ బయటే ఉండాలి. మా బావమరిది తొడుగు బిగించినప్పుడు పట్టీ లోపలికి మడిచిపోయింది. గైడు చూడలేదు. ఒడ్డు దగ్గర అలలు విరిగేచోటే పడవ అలకు అడ్డం తిరిగి బోల్తా పడింది. తల నీళ్లలో, కాళ్లు పడవలో. చేతులతో తొడుగు అంచు వెతుక్కుంటున్నాడు, దొరకడం లేదు. నడుము లోతే కాబట్టి మేం ముగ్గురం పరుగెత్తి పడవను పక్కకు తిప్పాం. ఉప్పునీళ్లు కక్కుకుని, వణుకుతూ చాలాసేపు ఇసుకలో కూర్చుండిపోయాడు. అదే ఒడ్డుకు అర కిలోమీటరు దూరంలో జరిగి ఉంటే ఏమయ్యేదో, మా ఆవిడకు నేనేం చెప్పేవాణ్నో ఆలోచించడానికే భయం వేస్తుంది.

అంతా అయ్యాక కూడా గైడు ‘ఇది మామూలే, నీళ్లు ఒంపేసి బయలుదేరుదాం’ అన్నాడు. పక్కన వల బాగుచేసుకుంటున్న పాలెం పెద్దాయన లేచి వచ్చాడు. ‘నాయనా, ఇవి చెరువులో తిరిగే పడవలు. పెన్న కలిసేచోట ఇసుక మేట ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు. మా ఫైబర్ బోట్లే ఆటుపోట్లు చూసుకుని దాటతాయి. వీటితో ఎలా పోతారు?’ అని గైడునే అడిగాడు. గైడు దగ్గర జవాబు లేదు. ఆటు సమయంలో నీరు సముద్రంలోకి పోతుంటే ఎదురుగా వచ్చే అల నిటారుగా లేచి మేట మీద విరుగుతుంది. మైపాడు నుంచి ఉత్తరంగా వెళ్లేవాళ్లు ఆ ముఖద్వారాన్ని దాటి తీరాలి. ఏ గంటకు దాటాలో, కుదరకపోతే ఎక్కడ ఒడ్డుకు చేరాలో వాళ్ల ప్రణాళికలో ఒక్క గీత కూడా లేదు.

మేం దిగబోమన్నాక మిగతా ప్రణాళిక చూపించమన్నాను. తాగునీళ్లు మనిషికి రోజుకు రెండు లీటర్లు, మిగిలింది జీపులో తెస్తారట. మన ఎండలో ఉప్పుగాలికి తెడ్డు వేసే మనిషికి తాగడానికే నాలుగు లీటర్లు పెట్టుకోవాలి. జీపు ఎక్కడికి వస్తుందని అడిగితే ఫోనులో ఒక చుక్క చూపించాడు. మన తీరానికి వెనక బకింగ్‌హామ్ కాలువ పారుతుంది. వంతెన ఉన్నచోట తప్ప బండి ఇసుకదాకా రాదు. అతను చూపిన చుక్క దగ్గర వంతెన లేదని అక్కడి పాలెం కుర్రాళ్లే చెప్పారు. అలాంటిచోట రాత్రిపూట ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే అంబులెన్సు కూడా కాలువ అవతలే ఆగిపోతుంది.

అనుమతుల సంగతి మరీ ఘోరం. మెరైన్ పోలీసులకు సమాచారమే లేదు. ఈ మాట ఒంగోలు వాళ్లకు నేను విడమరిచి చెప్పనవసరం లేదు. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో బోల్తా పడింది అనుమతి లేని ప్రైవేటు పడవే. పోయినవాళ్లలో ఎక్కువమంది ఒంగోలు వాళ్లు. రెండేళ్లు తిరగకుండానే 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మరో పడవ మునిగింది. నదిలోనే అలా జరిగితే సముద్రంలో అనుమతి కాగితం అడగడం అతి జాగ్రత్త ఎలా అవుతుంది?

కాబట్టి అడ్వాన్సు కట్టకముందే పడవను కళ్లతో చూడండి. మూత తెరిచి లోపల అడ్డుగోడ ఉందో లేదో చూడండి. ఐదారుగురికి ఒక గైడైనా ఉన్నాడా, వెంట నీళ్లు తోడే పంపు, లాగే తాడు, ప్రతి జాకెట్‌కూ ఈల ఉన్నాయా అని అడగండి. బీమా ఉందంటే పాలసీ కాగితం తెప్పించుకుని చదవండి, చాలా ప్రమాద బీమాల్లో సాహస క్రీడలను మినహాయిస్తారు. శాటిలైట్ ఫోను ఉందని చెబితే దానికి అనుమతి పత్రం అడగండి. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అది దగ్గర పెట్టుకోవడమే నేరం, చిక్కుల్లో పడేది మీరూను. సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళం నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093. ఇవి గైడు ఫోనులోనే కాదు, తడవని సంచిలో ఉన్న మీ ఫోనులోనూ ఉండాలి.

వాతావరణం గురించి వాళ్లు ‘ఎండ బాగుంది, ఏం కాదు’ అంటారు. ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్నప్పుడు కూడా హిందూ మహాసముద్రంలో ఎక్కడో దూరాన లేచిన తుపాను నుంచి పెద్ద అలలు మన ఒడ్డుకు రావచ్చు. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ అలల ఎత్తు, ఇలా దూరం నుంచి వచ్చే పెద్ద అలల హెచ్చరికలు ఉచితంగా ఇస్తుంది. మన జిల్లా పేరు అందులో ఉందేమో బయలుదేరే ముందురోజు రాత్రి, తెల్లవారుజామున మీరే చూసుకోండి. ఏ హెచ్చరికకు యాత్ర వాయిదా వేస్తారో, అప్పుడు డబ్బు సంగతేమిటో ముందుగానే రాయించుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో యాత్ర పెట్టేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లవద్దు. ఆ రెండు నెలలు మర పడవలు ఒడ్డునే ఉంటాయి. నీళ్లలో మీరు చెయ్యి ఊపినా చూసేవాళ్లుండరు.

ఇంకో విషయం రాయకుండా ఉండలేను. శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఇసుకలోనే గుడ్లు పెడతాయి. మా గుడారాల చుట్టూ తెల్లవార్లూ ఫ్లడ్‌లైట్లు వెలిగించారు. పిల్ల తాబేళ్లు ఆ వెలుగును చూసి సముద్రం అనుకుని, నీళ్లవైపు కాక దీపాలవైపు నడుస్తాయి. తీరంలో విడిది నడిపేవాళ్లకు ఈపాటి తెలియకపోవడం క్షమించరానిది.

డబ్బు విషయానికి వస్తే, ‘మీరే ఆపేశారు కాబట్టి వాపసు లేదు’ అన్నారు. ఏం జరిగినా సంస్థకు బాధ్యత లేదని ఫోనులో సంతకం చేయించిన పత్రాన్ని చూపించారు. ఆ పత్రం చూసి వెనక్కి తగ్గవద్దు. చెప్పిన సేవ ఇవ్వకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉండే జిల్లాలోనే, వాళ్ల ఆఫీసు ఎక్కడున్నా, రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపయితే రుసుము లేదు. మొదట 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. జిల్లా కమిషన్‌కు పెట్టే అర్జీలో ప్రకటన స్క్రీన్‌షాట్లు, డబ్బు పంపిన రసీదులు, అడ్డుగోడ లేని పడవ ఫోటో, పురికొస కట్టిన జాకెట్ ఫోటో జతచేశాం.

ఇప్పటికే అడ్వాన్సు కట్టి తేదీ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు పడవ రకం, గైడు సర్టిఫికెట్, సాధన తేదీ, అనుమతి కాగితం, బీమా పాలసీ ఇవ్వమని ఈరోజే మెసేజ్ పంపండి, ఫోనులో మాట్లాడి వదిలేయవద్దు. రెండు రోజుల్లో కాగితాలు రాకపోతే ప్రయాణ తేదీకి ముందే కారణాలు రాసి రద్దు చేసుకోండి. అప్పుడు ‘మీరే రాలేదు’ అనే మాట వాళ్ల చేతిలో ఉండదు.