మేడారం జాతర: దుర్ఖైమ్‌కు ఒకలా, మార్క్స్‌కు ఇంకోలా

రెండేళ్లకోసారి మాఘమాసంలో ములుగు జిల్లా మేడారానికి లక్షల మంది వస్తారు. జంపన్నవాగులో మునిగి, తమ ఎత్తు బెల్లం తూకం వేయించి గద్దెల దగ్గర సమర్పిస్తారు. అక్కడ దాన్ని బెల్లం అనరు, 'బంగారం' అంటారు.

ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త దుర్ఖైమ్ లెక్కలో సంస్కృతి మనుషుల్ని అతికించే జిగురు. చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు కుంకుమ భరిణె రూపంలో సమ్మక్కను తెచ్చేటప్పుడు జనంలో లేచే ఊపు లాంటిదాన్నే ఆయన సామూహిక ఉద్వేగం అన్నాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఆ కాసేపు 'మనం' అయిపోతారు.

మార్క్స్ బాటలో వెళ్లేవాళ్లకు ఆ 'మనం' మీదే డౌటు. చెలామణీ అయ్యే ఆలోచనలు పాలకవర్గానివే అని ఆయన వాదన. ఇక్కడి కథేమో కప్పం విషయంలో కాకతీయుల మీద తిరగబడ్డ కోయలది. 1996లో అదే రాష్ట్ర పండుగ అయింది. ఇప్పుడు సమ్మక్క గుట్ట దిగుతుంటే పోలీసు అధికారే గాల్లోకి తుపాకీ పేల్చి స్వాగతం చెబుతాడు! తిరుగుబాటును రాజ్యం ఇలా తనలో కలిపేసుకోవడం దుర్ఖైమ్ కళ్లద్దాలతో చూస్తే కనిపించదు.

అందుకే నా ఓటు మార్క్స్ వైపే. కాకపోతే నెత్తిన బెల్లం ముద్దతో ఎండలో నడిచే ముసలావిడ సంగతి దుర్ఖైమ్‌కే బాగా తెలుసనిపిస్తుంది.