బ్యాక్‌యార్డ్ ప్లేసెట్: కొన్నేళ్ళు వాడాక నా రివ్యూ

డాలస్‌కి ఉత్తరాన మా ఇంటి వెనక సీడర్ చెక్క ప్లేసెట్ ఉంది. రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, పైకప్పున్న చిన్న టవర్. పెద్దమ్మాయి ప్రీకేలో (కిండర్‌గార్టెన్‌కి ముందు క్లాసు) ఉన్నప్పుడు పెట్టించాం, ఇప్పుడది మిడిల్ స్కూల్లో ఉంది. చిన్నాడు మాత్రం ఇంకా రోజూ ఎక్కుతాడు. నా రేటింగ్ ఐదుకి నాలుగు. తగ్గించిన ఒక్క మార్కు దాంతో వచ్చిన బుక్‌లెట్ కోసం. బోల్టులు బిగించడం గురించి పేజీలకు పేజీలు రాసి, కింద నేల గురించి రెండు లైన్లతో సరిపెట్టారు.

అసలు సంగతంతా నేలలోనే ఉంది. పిల్లలకి పెద్ద దెబ్బలు తగిలేది పైనుంచి పడినప్పుడే. గడ్డి ఉందిగా, మెత్తగానే ఉంటుందని చాలామంది అనుకుంటారు. మా దగ్గరిది నల్లరేగడి. గుంటూరు వైపు చేలు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు: వానకి ఉబ్బుతుంది, జులై వచ్చేసరికి నెర్రెలిచ్చి రాయిలా అయిపోతుంది. పైగా ఉయ్యాల కింద కాళ్ళు రాసుకునే చోట గడ్డి మొదటి సీజన్‌కే పోతుంది. అమెరికా ప్రభుత్వ వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ (సీపీఎస్సీ) ఇళ్ళ ప్లేసెట్ల కోసం విడిగా ఒక హ్యాండ్‌బుక్ ఇస్తోంది, ఉచితమే. ఏడడుగుల ఎత్తు వరకూ ఉన్న వాటికి కనీసం 9 అంగుళాల మందాన మల్చ్ (చెక్క, బెరడు తురుము) గానీ, రబ్బరు తురుము గానీ ఉండాలంటుంది. గడ్డినీ మట్టినీ అసలు లెక్కలోకే తీసుకోదు.

మేం చుట్టూ చెక్కలతో గట్టు కట్టించి, అడుగున గుడ్డ పరిచి, ప్లేగ్రౌండ్ల కోసమే అమ్మే చెక్క తురుము పోయించాం. కొత్తలో 12 అంగుళాలు పోస్తేనే అణిగాక 9 మిగులుతుంది. స్తంభం మీద ఆ ఎత్తున మార్కర్‌తో గీత గీశాను. తురుము గీత కిందికి దిగితే కొత్త లోడు తెప్పించడమే. ఉయ్యాల కింద గుంట మాత్రం వారం వారం పడుతుంది, రేక్‌తో లాగి పూడ్చాలి. ఈ సెట్టుకి నేను చేసే చాకిరీలో సగం ఇదే. ఫైర్ యాంట్స్ (మంటెక్కేలా కుట్టే ఎర్రచీమలు) పుట్ట పెట్టాయేమో కూడా అప్పుడే చూసుకుంటాను.

ఇక చోటు. సెట్టు చుట్టూ ఆరడుగులు ఖాళీ వదలాలి. ఉయ్యాలకి ముందూ వెనకా అది చాలదు, ఉయ్యాల వేలాడే దూలం ఎత్తుకి రెండింతలు కావాలి. దూలం ఎనిమిదడుగులుంటే అటు పదహారు, ఇటు పదహారు. టేపు పెట్టి కొలిచాక మా ఆవిడ "పెరడంతా దీనికేనా!" అంది. ఫెన్స్ పక్కకి నెట్టి పెట్టిన సెట్లు మా వీధిలోనే ఉన్నాయి. ఊగుతూ దూకిన పిల్లాడు నేరుగా ఫెన్స్ మీదికే వెళ్తాడు.

ఇనప సామాను బాగానే నిలిచింది. మొదటి వేసవికి చెక్క ఎండి కుంచించుకుపోవడంతో నట్లన్నీ వదులయ్యాయి. అది ఏ సెట్టుకైనా జరిగేదే. ఇప్పుడు వసంతంలో ఒకసారి, ఎండలు తగ్గాక ఒకసారి రెంచ్ పట్టుకుని చుట్టూ తిరుగుతాను. గొలుసు తగిలించే ఎస్ హుక్కుల సందులో డైమ్ (పది సెంట్ల) నాణెం దూరకూడదు. దూరితే చొక్కా అంచో, హుడీ తాడో పట్టుకుంటుంది. బోల్టు మర నట్టు దాటి రెండు చుట్లకి మించి బయటికి రాకూడదు. గొలుసు మీది ప్లాస్టిక్ తొడుగు ఎండకి పగిలింది, మార్చాను. వేళ్ళు నలిగేది అక్కడే.

మెడకి తగిలేవాటి విషయంలో మా ఇంట్లో రాజీ లేదు. సైకిల్ దిగి హెల్మెట్‌తోనే టవర్ ఎక్కుతారు పిల్లలు, అదే మంచిదనిపిస్తుంది కూడా. కానీ ఒళ్ళు దూరిన సందులో హెల్మెట్ ఇరుక్కుంటే మనిషి వేలాడిపోతాడు. అందుకే హెల్మెట్ తీశాకే ఎక్కాలి. టవర్‌కి స్కిప్పింగ్ తాడు కట్టి ఆడుతుంటే వెంటనే విప్పేస్తాం. మెట్ల మధ్య, కటకటాల మధ్య సందు 3.5 అంగుళాల లోపైనా ఉండాలి, 9కి పైనైనా ఉండాలి. మధ్యలో ఉంటే ఒళ్ళు దూరుతుంది, తల ఆగిపోతుంది. అట్లతద్దికి మా కాలనీ ఆడపిల్లలంతా ఉయ్యాల ఊగడానికి మా పెరట్లోకే వస్తారు. మా అత్తయ్య ముందే ఓణీలన్నీ నడుముకి గట్టిగా చెక్కించి, లంగా అంచులు కాళ్ళకి అడ్డం పడకుండా చూశాకే ఎక్కనిస్తుంది.

నచ్చనిది జారుడుబల్ల. ప్లాస్టిక్కే కదా అనుకుంటాం గానీ, ఆగస్టు మధ్యాహ్నం పడమటి ఎండ పడితే తొడలు చుర్రుమంటాయి. చెయ్యి పెట్టి చూశాకే దించుతాం. కొనేవాళ్ళు దాన్ని ఉత్తరం వైపు తిప్పి పెట్టించుకోండి, లేదా చెట్టు నీడ చూసుకోండి. టవర్ కప్పు కింద ఏటా కందిరీగలు గూడు పెడతాయి, పిల్లలకంటే ముందు నేనే తొంగి చూస్తాను. రెండేళ్ళకోసారి స్టెయిన్ (చెక్కకి పట్టించే రంగు పూత) వేయించకపోతే చెక్క తెల్లబడి పేళ్ళు లేస్తుంది.

ఇల్లు మారే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో పాత సెట్లు చవగ్గా దొరుకుతాయి. చెక్క గట్టిగా ఉంటే తీసుకోవచ్చు, కానీ ఏ ఏడాది కట్టిందో అడగండి. 2003 చివరి వరకూ అమ్మిన ట్రీటెడ్ (పుచ్చకుండా మందు పట్టించిన) చెక్కలో చాలావరకు ఆర్సెనిక్ అనే విషం ఉండేది, అలాంటిది నేనైతే ముట్టుకోను. మోడల్ పేరు సీపీఎస్సీ సైట్లో కొట్టి రీకాల్ (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలవడం) ఉందేమో చూడండి. ఉయ్యాల సీట్లు, గొలుసులు, హుక్కులు మాత్రం కొత్తవే కొనండి, వాటికయ్యేది పెద్ద ఖర్చేం కాదు.