తారీఖున్న రక్షణా, తారీఖు లేని రక్షణా - ఏది మేలు?

పెళ్ళై పర్లాకిమిడి వచ్చిన రెండో నెల్లో అత్తయ్యగారి బాప్టిస్టు సంఘంలో (చర్చిలో) సభ్యత్వం ఫారం ఇచ్చారు నాకు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది అన్నీ చకచకా నింపేసి తర్వాతి గడి దగ్గర ఆగిపోయాను. "రక్షణ పొందిన తేది". అంటే యేసుని నమ్మి పాపం నుంచి విడుదల పొందిన రోజన్నమాట. మావారు పక్కనుంచి "రాసెయ్, గుర్తుంటుందిగా" అన్నారు. ఏం గుర్తుంటుందండీ, నేను జయపురంలో లూథరన్ ఇంట్లో పుట్టాను, మూడో నెల్లో పాస్టరు అయ్యగారు నా నెత్తిన నీళ్ళు పోసి బాప్తిస్మం ఇచ్చారు, పద్నాలుగో ఏట కన్ఫర్మేషన్ (ఆ నమ్మకాన్ని నా నోటితో నేనే ఒప్పుకోవడం) అయింది, పరలోక ప్రార్థన గుళ్ళో ఒడియాలో, ఇంట్లో తెలుగులో నేర్చుకున్నాను, ఎప్పుడు నమ్మావు అంటే అసలు నమ్మకుండా ఎప్పుడున్నానో కూడా నాకు తెలీదు.

రెండు ఊళ్ళూ 1936లో ఒడిశాలోకి వెళ్ళినవే. కాకపోతే మావైపు 1880ల్లో జర్మనీలోని బ్రెక్లమ్ నుంచి లూథరన్ మిషనరీలు వచ్చారు, ఇటువైపు కెనడా బాప్టిస్టులు వచ్చారు, అందుకని బస్సెక్కి కొండలు దాటేసరికి రక్షణ లెక్క మారిపోతుంది. పన్నెండేళ్ళుగా రెండిట్లోనూ కాలుపెట్టి ఉన్నాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నా.

ముందు గొడవ లేని సంగతి. క్రీస్తు సిలువ మీద చేసినదానివల్లే రక్షణ అని ఇద్దరూ చెప్తారు, మన మంచి పనులు చూసి కాదు అనీ చెప్తారు. కృపచేతనే రక్షణ అని చెప్పే బైబిలు వచనం ఎఫెసీ 2:8 రెండిళ్ళలోనూ గోడ క్యాలెండర్ మీదుంది. ఆ సిలువ పని ఎలా పనిచేసింది అనేదగ్గర మాత్రం పాతకాలం నుంచే రకరకాలుగా చెప్పుకున్నారు. తెలుగు బైబిల్లో మార్కు 10:45లో యేసు ప్రాణం గురించి "విమోచన క్రయధనము" అని, అంటే విడిపించడానికి కట్టే సొమ్మని ఉంటుంది కదా, నాకు ఆ మాట అర్థమైంది గుళ్ళో కాదు, సేటు కొట్టు దగ్గర. నా కాలేజీ ఫీజు కోసం నాన్న అమ్మ గొలుసు తాకట్టు పెట్టాడు, రెండేళ్ళు వడ్డీ పెరుగుతూనే ఉంది, ఆఖరికి మావయ్య వచ్చి అసలూ వడ్డీ అంతా కట్టేసి చీటీ చింపించి గొలుసు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ చెయ్యి చాపింది, అంతే. చెయ్యి చాపినందుకు గొలుసు నేనే విడిపించుకున్నా అని ఏనాడూ అనలేదు. విశ్వాసం అంటే నాకిప్పటికీ ఆ చెయ్యే గుర్తొస్తుంది.

అయితే ఈ పోలికని మరీ లాగకూడదు. మరి డబ్బు ఎవరికి కట్టారు, సేటు ఎవరు? సాతానుకి అన్నవాళ్ళు తొలి శతాబ్దాల్లోనే ఉన్నారు, 4వ శతాబ్దంలో నజియాంజస్ గ్రెగరీ అనే బిషప్పు ఆ మాటే తప్పన్నాడు. 11వ శతాబ్దం ఆఖర్లో ఆన్సెల్మ్ అనే వేదాంతి వచ్చి బాకీ దేవుడికే, ఆయన ఘనతకి మనం పడిన బాకీ అన్నాడు. 16వ శతాబ్దంలో కాల్విన్ లాంటి ప్రొటెస్టెంటు సంస్కర్తలు దాన్ని కోర్టు భాషలోకి తెచ్చి మన శిక్ష ఆయన మోశాడన్నారు. మన కూటాల్లో ఎక్కువ వినిపించేది ఇదే, నేనూ దీన్నే నమ్ముతాను, కానీ కొంతమంది ప్రసంగీకులు చెప్పే తీరు చూస్తే తండ్రి కర్ర పట్టుకుని నిలబడ్డట్టూ కొడుకు అడ్డం పడ్డట్టూ ఉంటుంది. ప్రేమించి కొడుకుని పంపింది ఆ తండ్రే కదండీ, ఆ మాట చెప్పే యోహాను 3:16 కంఠతా వచ్చినోళ్ళే ఇలా చెప్తే ఎలా.

సరే, అసలు తేడా చెయ్యి చాపడం దగ్గరుంది. ఎప్పుడు చాపాలి, ఎవరు చాపాలి?

బాప్టిస్టు మాట: ఎవరికి వాళ్ళే నమ్మాలి, నమ్మాకే నీళ్ళలో మునగాలి. లూథరన్ మాట: దేవుడే ముందు పట్టుకుంటాడు, పసిపిల్లని కూడా పట్టుకుంటాడు, పిల్ల పెరిగి ఆ చెయ్యి ఎవరిదో తెలుసుకుంటుంది. తమాషా ఏంటంటే ఇద్దరూ అదే అపొస్తలుల కార్యములు 16 తీస్తారు, పౌలు మాట విని ఇంటివాళ్ళతో సహా బాప్తిస్మం పొందిన ఫిలిప్పీ జైలు అధికారి కథ. మొదటి ఏడాది క్రిస్మస్‌కి మా నాన్న ఇక్కడికొచ్చినప్పుడు భోజనాల దగ్గర "నీవును నీ యింటివారును రక్షణ పొందుదురు అనుంది కదండీ, ఇంటివారంటే పిల్లలు కారా" అన్నాడు. మా మావగారు చేప ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టి "తర్వాతి వచనం సదవరేటండీ, ఇంట్లో ఉన్నోళ్ళందరికీ వాక్యం బోధించారనుంది, ఉయ్యాల్లో పిల్లకేటి బోధిస్తారు" అన్నారు. నాన్న నవ్వేసి ఇంకో చేపముక్క వేసుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ రౌండు మావగారిదే.

బాప్టిస్టు పద్ధతిలో నాకు నచ్చిందీ అదే, నీ బదులు మీ అమ్మ నమ్మితే చాలదు అని మొహం మీద చెప్తుంది. మావైపు మా పెద్దనాన్న కొడుకులున్నారు, క్రిస్మస్‌కి కొత్త చొక్కా వేసుకొస్తారు, మళ్ళీ క్రిస్మస్‌కే కనపడతారు, అడిగితే "బాప్తిస్మం అయిపోయిందిగా" అంటారు. లూథరన్ శాఖకి మూలపురుషుడు మార్టిన్ లూథర్ కూడా సందేహాలు ముంచుకొచ్చినప్పుడు నేను బాప్తిస్మం పొందినవాణ్ణి అని తనకి తాను చెప్పుకునేవాడట, కానీ ఆయన చెప్పుకున్నది పోరాటంలో, వీళ్ళు చెప్పేది నిద్రలో.

మరి ఇటువైపు? ఇటు జబ్బు వేరే. ఏటా ఉజ్జీవ కూటాలు (విశ్వాసాన్ని మళ్ళీ రగిలించే సభలు), చివరి రోజు కీబోర్డు మెల్లగా వాయిస్తుంటే అందరూ కళ్ళు మూసుకోండి, చెయ్యెత్తండి, ముందుకి రండి. ఈ ముందుకి పిలవడం అపొస్తలుల కాలం నుంచీ ఉందనుకుంటారు చాలామంది, కాదు, 1830ల్లో అమెరికాలో చార్లెస్ ఫిన్నీ అనే ప్రసంగీకుడి కూటాల్లో ముందు బెంచీకి పిలవడంతో బాగా పాకింది. తప్పని కాదు. కానీ నాకు తెలిసిన ఒక అన్నయ్య మూడేళ్ళలో మూడుసార్లు రక్షణ పొందాడు, ప్రతిసారీ పోయినసారి నిజంగా నమ్మానో లేదో అని డౌటు. పాపం ఆయన చూసుకునేది గొలుసుని కాదు, తను చెయ్యి సరిగ్గా చాపాడా లేదా అని. వచ్చిన రక్షణని పోగొట్టుకోవచ్చా లేదా అనే గొడవ వేరే ఉంది, డచ్చి వేదాంతి ఆర్మీనియస్ వెనకవాళ్ళు ఒకటంటే 1618-19లో అక్కడి డోర్ట్ చర్చి సభ ఇంకోటంది, అందులోకి దిగితే తెల్లారిపోద్ది.

నా కథ అడుగుతారేమో. రెండేళ్ళపాటు ఆదివారం ప్రభువు బల్ల దగ్గర (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో) చిన్న గిన్నెల ట్రే నా వరకూ వచ్చి, నా ఒళ్ళోంచే పక్కావిడకి వెళ్ళిపోయేది, మునగలేదు కాబట్టి. ద్రాక్షరసం వాసన తగిలేది. కోపం వచ్చేది, ఏడుపూ వచ్చేది. మూడో ఏడు జనవరిలో మహేంద్రతనయలో దిగాను, ఏట్లో నీళ్ళు మోకాలి లోతే, గుంట ఉన్న చోటు వెతికి నించోబెట్టారు, అయ్యగారు నా ముక్కుకి చేతిరుమాలు పెట్టి వెనక్కి వంచారు, లేచేసరికి కొంగు నిండా ఇసుక. బాగుంది, అబద్ధమెందుకు, చాలా బాగుంది. కానీ ఆ పొద్దున్న ఏట్లో దిగేముందు నేను రక్షణ లేనిదాన్ని అని మాత్రం ఒప్పుకోను.

ఏది మేలంటే, నమ్మకానికి ఆధారం విషయంలో లూథరన్లదే మేలు, నా నిర్ణయం గట్టిదనం చూసుకోకుండా ఆయన చేసినదాన్ని చూపిస్తారు. పిల్లల విషయంలో మాత్రం ఆగడమే మేలనిపించింది, మా అమ్మాయికి పసితనంలో బాప్తిస్మం ఇప్పించలేదు, నాన్నకి ఇప్పటికీ ఆ బాధుంది. అది తొమ్మిదేళ్ళకే రాత్రి ప్రార్థన తనే చేస్తుంది, నాకన్నా బాగా చేస్తుంది.

మొన్న వేసవి బైబిలు క్యాంపు ఫారం తెచ్చింది. అదే గడి. "అమ్మా, ఇక్కడేం రాయాలి?" అంది. ఖాళీగా వదిలెయ్, టీచర్ అడిగితే మా అమ్మ వచ్చి మాట్లాడుతుందని చెప్పు అన్నాను. టీచర్ ఇంకా అడగలేదు.