ఇంట్లో 48 వోల్టుల డీసీ లైను: కొన్నేళ్లు వాడాక చెబుతున్నది

సోలార్ ప్యానెల్ ఇచ్చేది డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. బ్యాటరీ దాచేది డీసీ. ఎల్ఈడీ బల్బు, బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం), వైఫై రూటరు, ల్యాప్‌టాప్ లోపల నడిచేదీ డీసీయే. మధ్యలో ఇన్వర్టర్‌తో ఏసీగా (దిశ మారుతూ పారే మామూలు ఇంటి కరెంటుగా) మార్చి, మళ్లీ ప్రతి అడాప్టర్‌లో డీసీ చేసుకోవడం ఎందుకని మా ఇంట్లో వీటన్నిటికీ బ్యాటరీ నుంచి విడిగా 48 వోల్టుల లైను వేయించాం. కొన్నేళ్లుగా వాడుతున్నాం. చిన్న లోడ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు కనిపించలేదు.

అసలు లాభం రాత్రిపూట తెలుస్తుంది. మార్పిడిలో పోయే నష్టం గురించే అందరూ మాట్లాడతారు కానీ, ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా కరెంటు తింటుంది. పెద్దవైతే 30 వాట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. బీఎల్‌డీసీ ఫ్యాను ఫుల్ స్పీడులో తీసుకునేదీ దాదాపు అంతే. అంటే అందరూ పడుకున్నాక ఒక ఫ్యాను, రూటరు నడపడానికి, దాదాపు ఇంకో ఫ్యానుకు సరిపడా కరెంటు ఇన్వర్టరే వాడేసుకుంటుంది. 10 గంటల్లో 300 వాట్ అవర్లు! ఇప్పుడు రాత్రి దాన్ని ఆపేస్తాం. వరసగా ముసురు పట్టినప్పుడు తెల్లారి బ్యాటరీలో మిగిలిన చార్జి చూస్తే ప్రాణం కుదుటపడుతుంది.

12 వోల్టులు మాత్రం ఇల్లంతటికీ వద్దు. 120 వాట్ల లోడుకు 12 వోల్టుల్లో 10 ఆంపియర్లు పారాలి, 48లో రెండున్నర చాలు. వైరులో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, కరెంటు నాలుగో వంతైతే అదే వైరులో నష్టం పదహారో వంతుకు పడిపోతుంది.

భద్రత దగ్గర మాత్రం రాజీ పడకండి. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లో 120 సార్లో సున్నా దాటుతుంది కాబట్టి స్విచ్ తీయగానే నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీకి ఆ విరామం లేదు, మామూలు స్విచ్ కాంటాక్టులు కాలిపోతాయి. స్విచ్, ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆపేసే స్విచ్), ఫ్యూజు అన్నీ డీసీ రేటింగ్‌వే కావాలి, ఫ్యూజు బ్యాటరీని ఆనుకునే ఉండాలి. షాక్ భయం తక్కువే, కానీ షార్ట్ అయితే బ్యాటరీ వందల ఆంపియర్లు పారిస్తుంది. ఏసీ ప్లగ్గు పట్టని సాకెట్లే పెట్టించుకోండి.

ఇంకో సంగతి: 16 సెల్స్ ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 48 వోల్టులదే అంటారు, చార్జింగ్‌లో మాత్రం 58 దాటగలదు. సామాను దాన్ని తట్టుకుంటుందో లేదో కొనే ముందే లేబుల్‌పై చూసుకోవాలి.

ఇబ్బందల్లా రిపేర్లే. ఫ్యాను బోర్డు పోతే సరైన వోల్టేజీది వెంటనే దొరకదు, అందుకే ఒకటి ముందే తెచ్చిపెట్టుకున్నాం. వాషింగ్ మెషిన్, మిక్సీ ఏసీ మీదే ఉంచాం. పగలు ఎండ ఉండగా ఇన్వర్టర్ నడిస్తే నష్టమేమీ లేదు.

బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన సోలార్ ఉన్నవాళ్లకు దీనివల్ల పెద్దగా ఒరిగేది లేదు. బ్యాటరీ ఉండి, కొత్తగా వైరింగ్ చేయిస్తున్నవాళ్లు మాత్రం గోడలు పూసేలోపే డీసీకి విడి పైపు వేయించుకోండి.