రాస్ప్‌బెర్రీ పై 4 డ్రైవర్ కోడ్‌కి వీఎస్ కోడ్ + క్లాంగ్‌డీయా, ఎక్లిప్స్ సీడీటీయా?

రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) డ్రైవర్ రాయడానికి ఏ ఎడిటర్ మేలన్నదే ప్రశ్న. క్లాంగ్‌డీ అంటే వీఎస్ కోడ్ ఎడిటర్‌కి సీ కోడ్‌ని అర్థం చేసిపెట్టే ప్రోగ్రామ్, సీడీటీ అంటే ఎక్లిప్స్‌లో సీ భాష కోసం ఉన్న భాగం. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ ఎక్స్86 రకం, బోర్డుది ఆర్మ్64. ఎడిటర్ తికమకపడేది ఇక్కడే. కెర్నెల్‌లో ఒకే ఫంక్షన్‌కి ఆర్కిటెక్చర్‌కో (ప్రాసెసర్ రకానికో) నిర్వచనం ఉంటుంది, మనది ఏదో ఎడిటర్‌కి చెప్పాలి.

ఎక్లిప్స్‌లో అది చేతిపని. ఇండెక్సర్‌కి (కోడ్ చదివి పేర్ల జాబితా వేసే భాగం) కెర్నెల్ మాక్రో ఇవ్వాలి, బిల్డ్‌లో పుట్టిన ఆటోకాన్ఫ్ హెడర్ (కెర్నెల్ సెట్టింగులున్న ఫైలు) చూపించాలి, ఆర్చ్ ఫోల్డర్‌లో ఆర్మ్64 తప్ప మిగతావన్నీ మినహాయించాలి. మరిస్తే సగం ఫైలు ఎర్రగీతలే. జావా హీప్ (ఎక్లిప్స్ వాడుకునే మెమరీ) చాలకపోతే ఎక్లిప్స్ ఐఎన్ఐ ఫైల్లో పెంచుకోవాలి.

క్లాంగ్‌డీ అసలు కంపైల్ కమాండ్లనే చదువుతుంది. ముందు క్రాస్ కంపైలర్‌తో (ల్యాప్‌టాప్‌లోనే బోర్డు కోసం కోడ్ తయారుచేసేది) కెర్నెల్ బిల్డ్ చేసి, ఆ తర్వాతే కంపైల్ కమాండ్స్ జేసాన్ టార్గెట్‌తో మేక్ నడిపి ఆ కమాండ్ల జాబితా తీయాలి. బిల్డ్ కాని ఫైలు ఆ జాబితాలోకి రాదు. మెనూకాన్ఫిగ్‌లో (కెర్నెల్ సెట్టింగుల మెనూ) మీ డ్రైవర్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. జీసీసీ అనే కంపైలర్‌కి మాత్రమే తెలిసిన ఫ్లాగులు కనబడితే క్లాంగ్‌డీ గొడవ పెడుతుంది. వాటిని డాట్ క్లాంగ్‌డీ ఫైల్లో రిమూవ్ కింద రాస్తే సరి. మైక్రోసాఫ్ట్ సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్ కూడా ఉంటే దాని ఇంటెలిసెన్స్ (అదీ కోడ్ సూచనలిచ్చేదే) ఆపేయండి, లేదంటే రెండూ పోట్లాడుకుంటాయి.

డీబగ్గింగ్‌లో పెద్ద తేడా లేదు, రెండింటి వెనకా జీడీబీ అనే డీబగ్గరే. చిప్ కంపెనీ ఇచ్చిన టూల్స్ ఎక్లిప్స్ మీదే కట్టినవైతే తప్ప, నా ఓటు క్లాంగ్‌డీకే.